క్రైస్తవంలో పెళ్ళి దేనికి? భార్యాభర్తల్లో ఎవరి వంతు ఎంత?

తెలుగునాట చర్చిలో జరిగే పెళ్ళికి వెళ్తే తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు మాటలు వినకుండా బయటికి రావడం కష్టం. పాస్టరుగారు ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం తీస్తారు. పెళ్ళికూతురి వైపు చూసి "స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంతపురుషులకు లోబడియుండుడి" అని చదువుతారు. తరవాత పెళ్ళికొడుకు వైపు తిరిగి అతని వంతు చదువుతారు. విచిత్రమేమిటంటే ఆ పౌలుకు భార్య లేదు. తనలాగే ఉండిపోగలిగితే మంచిదని పెళ్ళికానివాళ్ళకూ విధవరాళ్ళకూ కొరింథీయుల మొదటి పత్రిక 7వ అధ్యాయంలో సలహా కూడా ఇచ్చాడు. ఆయన కొలిచిన యేసూ పెళ్ళి చేసుకోలేదు.

గృహస్థాశ్రమంలో అడుగుపెట్టి కొడుకును కంటేగాని పితృఋణం తీరదని నమ్మే సమాజం మధ్య బతుకుతున్న మనకు ఇది కొత్తగానే ఉంటుంది. క్రైస్తవంలో పెళ్ళి పవిత్రమే, కానీ తప్పనిసరి కాదు. పరలోకంలోనైతే అసలు లేదు. ఒకామెను ఏడుగురు అన్నదమ్ములు ఒకరి తరవాత ఒకరు పెళ్ళి చేసుకుని చనిపోతే పునరుత్థానంలో (చనిపోయినవాళ్ళు తిరిగి లేచినప్పుడు) ఆమె ఎవరి భార్య అవుతుందని సద్దూకయ్యులనే యూదు వర్గంవాళ్ళు యేసును ఇరికించబోయారు. అక్కడ పెళ్ళి చేసుకోవడం, పెళ్ళికివ్వడం ఉండవని ఆయన తేల్చేశాడు. మత్తయి 22లో ఉంది ఆ సంభాషణ. జన్మజన్మల బంధం అనే మాటకు క్రైస్తవంలో చోటు లేదు. ప్రమాణం కూడా "మరణం మనల్ని ఎడబాపే వరకు" అన్నంతవరకే.

ఈ సంగతి ముందు మనసులో పెట్టుకుంటే మిగతా చిక్కు విప్పడం తేలిక. పెళ్ళి ఇక్కడ గమ్యం కాదు, వేరే పని కోసం దేవుడు పెట్టిన ఏర్పాటు. ఆ పని ఏమిటో తేలితేనే భార్య ఏం చేయాలి, భర్త ఏం చేయాలి అన్నది తేలుతుంది. మన సంఘాల్లో మాత్రం పని సంగతి పక్కన పెట్టి పాత్రల దగ్గర మొదలుపెడతాం. పాత్రల్లోనూ భార్య పాత్ర దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. ఈ విషయంలో ఉన్న గందరగోళంలో సగం అక్కడే పుట్టిందని నా అభిప్రాయం.

ఆదికాండం ఇచ్చిన రెండు జవాబులు

పెళ్ళి ఎందుకు అన్న ప్రశ్నకు బైబిలు మొదటి రెండు అధ్యాయాలు రెండు వేరు వేరు జవాబులు ఇస్తాయి. మొదటి అధ్యాయంలో దేవుడు స్త్రీనీ పురుషుణ్ణీ తన స్వరూపంలో చేసి, ఫలించి అభివృద్ధి పొంది భూమిని నిండించమంటాడు. అంటే పిల్లలు. భూమిని ఏలే పని కూడా అప్పజెప్పాడు, కానీ అది ఆదాముకు ఒక్కడికే కాదు, ఇద్దరికీ కలిపి. రెండో అధ్యాయంలో పిల్లల ఊసే లేదు. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అన్న మాటతో కథ మొదలవుతుంది. చేసిన ప్రతిదాన్నీ చూసి మంచిదనుకుంటూ వచ్చిన దేవుడు, పాపం అనేది ఇంకా లోకంలోకి రాకముందే, ఒకదాన్ని చూసి మంచిది కాదన్నాడు. అది ఒంటరితనం. అందుకని తోడును చేశాడు.

సంతానమా, సాహచర్యమా? రెండూ నిజమే అని అందరూ ఒప్పుకుంటారు. ఏది ముందు అన్న దగ్గరే రెండువేల ఏళ్ళుగా వాదన నడుస్తోంది.

అదే రెండో అధ్యాయం చివర్లో పెళ్ళికి మూలవాక్యం అనదగ్గ మాట ఉంది. పురుషుడు తన తండ్రినీ తల్లినీ విడిచి తన భార్యను హత్తుకొంటాడు, ఇద్దరూ ఏకశరీరమవుతారు. యేసు కూడా తనను పెళ్ళి గురించి అడిగినప్పుడు తిరిగి ఈ వాక్యానికే వెళ్ళాడు. మన పెళ్ళిళ్ళకు ఇది ఎంత అడ్డంగా ఉంటుందో చూడండి. తల్లిదండ్రులను విడవమని ఎవరికి చెప్పారు? కొడుకుకు. మన దగ్గర విడిచి వెళ్ళేది కూతురు. అప్పగింతల తంతు లేని క్రైస్తవ పెళ్ళిలోనూ చర్చి మెట్ల దగ్గర కారెక్కేటప్పుడు ఏడ్చేది ఆమే, ఆమె తల్లే. అబ్బాయి తరఫువాళ్ళు నవ్వుతూ ఫోటోలు దిగుతుంటారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర్నుంచి ఎవరూ పోవడం లేదు, ఒకరు అదనంగా వస్తున్నారు.

దీన్ని వేరు కాపురం పెట్టమన్న ఆజ్ఞగా తీసుకుంటే అదీ పొరపాటే. ప్రాచీన ఇశ్రాయేలులోనూ కొత్త కోడలు సాధారణంగా అత్తవారింటికే వచ్చేది, కొడుకులు తండ్రి ఇంటి నీడనే ఉండేవాళ్ళు. తల్లిదండ్రులను సన్మానించమనేది పది ఆజ్ఞల్లో ఒకటి. దేవుడికి అర్పించేశామన్న సాకుతో అమ్మానాన్నల పోషణ ఎగ్గొట్టేవాళ్ళను యేసు మార్కు 7లో గట్టిగా మందలించాడు. కాబట్టి విడవమంటే ఇల్లు మారమని కాదు, మొదటి హక్కు ఎవరిదో మారిందని. జీతం సంగతి ముందు ఎవరితో మాట్లాడాలి, ఉద్యోగం కోసం ఊరు మారాలా వద్దా, బిడ్డకు ఏ పేరు పెట్టాలి, ఆడపడుచు పెళ్ళికి ఎంత అప్పు చేయాలి అన్న ప్రశ్నల్లో అమ్మ మాట కంటే ముందు భార్య మాట వినమని ఈ వాక్యం కొడుకుకు చెబుతోంది. దీని మీద నిలబడి అబ్బాయి తల్లిదండ్రులను ఉద్దేశించి పెళ్ళిపీట దగ్గరే రెండు ముక్కలు మాట్లాడే బోధకులు అరుదు. మాట్లాడితే మాత్రం ఆ ఇంటికి మేలు చేసినవాళ్ళే అవుతారు.

మూడో జవాబు ప్రవక్తల దగ్గర్నుంచి వస్తుంది. తనను వదిలి వెళ్ళిన భార్యను హోషేయ మళ్ళీ వెతికి, వెల ఇచ్చి మరీ ఇంటికి తెచ్చుకుంటాడు. దేవుడికీ ఇశ్రాయేలుకూ మధ్య బంధం ఇలాంటిదని ఆ పుస్తకం చెప్పదలచుకున్న సంగతి. మలాకీ పెళ్ళిని నిబంధన అన్నాడు, దానికి దేవుడే సాక్షి అన్నాడు. పౌలు ఎఫెసీ పత్రిక దాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఏకశరీరమనే ఈ మర్మం గొప్పది, నేను క్రీస్తును గూర్చీ సంఘాన్ని గూర్చీ చెబుతున్నాను అంటుంది. అంటే భార్యాభర్తలను చూసినవాళ్ళకు క్రీస్తు తన ప్రజలను ఎలా ప్రేమించాడో కొంచెమైనా కనిపించాలి. పరలోకంలో పెళ్ళి ఎందుకు లేదో ఇప్పుడు అర్థమవుతుంది. అసలుదే ఎదురుగా ఉన్నప్పుడు గుర్తుతో పని లేదు. కథోలికులు వివాహాన్ని దివ్యసంస్కారం, అంటే దేవుని కృపను అందించే పవిత్ర క్రియ, అనేది ఈ వాక్యం బలం మీదే.

ఏది ముందు?

ఈ మూడు జవాబులనూ ఒక చోట పెట్టి సిద్ధాంతంగా మలిచినవాడు తొలి శతాబ్దాల బిషప్ అగస్టీన్. ఆయన జీవితం తెలిస్తే ఆ సిద్ధాంతం ఇంకాస్త అర్థమవుతుంది. మారుమనసు పొందకముందు ఒకామెతో ఏళ్ళ తరబడి కాపురం చేశాడు. అదియోదాతుస్ అనే కొడుకు పుట్టాడు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. అంతస్తుకు తగ్గ సంబంధం కుదిరిందని ఆమెను ఆఫ్రికాకు పంపేశాడు. తన జీవితాన్ని పుస్తకంగా రాసుకుంటూ ఆ ఎడబాటు బాధ చెప్పాడు గానీ ఆమె పేరు చెప్పలేదు. ఆయన కాలంలో చర్చి లోపల పెద్ద గొడవ నడిచింది. పెళ్ళీ బ్రహ్మచర్యమూ దేవుని దృష్టిలో సమానమేనని జోవీనియన్ అనే సన్యాసి అన్నాడు. అతన్ని ఖండిస్తూ బైబిలు పండితుడు జెరోమ్ రాసిన రాతల్లో పెళ్ళి దాదాపు ఒక మురికి పనిలా తేలింది. సుమారు 401లో అగస్టీన్ మధ్యేమార్గంగా పెళ్ళిలో మూడు మేళ్ళు ఉన్నాయన్నాడు: సంతానం, ఒకరికొకరు నమ్మకంగా ఉండడం, తెగని బంధం. పెళ్ళిని ఆయన కాపాడాడు. దాంపత్య సుఖాన్ని మాత్రం అనుమానంగానే చూశాడు. ఆ అనుమానం పడమటి చర్చిని వెయ్యేళ్ళకు పైగా వదల్లేదు.

1549లో ఇంగ్లండు చర్చి కోసం ఆర్చిబిషప్ క్రాన్మర్ తయారుచేసిన ప్రార్థనల పుస్తకంలో వరస ఇలా ఉంటుంది: మొదట పిల్లలు, రెండోది పాపంలో పడకుండా రక్షణ, మూడోది సుఖదుఃఖాల్లో ఒకరికొకరు తోడు. దాదాపు వందేళ్ళకు, 1646లో వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం రాసిన ప్యూరిటన్లు (ఆ చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న సంస్కర్తలు) ఆ వరసను తిరగేశారు. భార్యాభర్తల పరస్పర సహాయం మొదటికి వచ్చింది, పిల్లలు తరవాత. ప్యూరిటన్లంటే మొహం మాడ్చుకుని తిరిగేవాళ్ళని ఒక పేరు ఉంది గానీ, పెళ్ళిలో స్నేహానికి పెద్దపీట వేసింది వాళ్ళే.

కథోలిక చర్చి ఇంకా చాలాకాలం పాత వరసనే పట్టుకుంది. 1917 నాటి చర్చి ధర్మశాస్త్రం సంతానాన్ని ప్రధాన లక్ష్యం అనీ, పరస్పర సహాయాన్ని రెండో లక్ష్యం అనీ స్పష్టంగా రాసింది. 1930లో లాంబెత్‌లో కూడిన ఆంగ్లికన్ బిషప్పులు కొన్ని పరిస్థితుల్లో కుటుంబ నియంత్రణ సాధనాలు వాడవచ్చని ఒప్పుకుంటే, అదే ఏడాది చివర్లో పోపు 11వ పయస్ కూడదని లేఖ రాశాడు. ఆ తరవాత 1965లో కథోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ ఈ మొదటి, రెండో అనే లెక్క వదిలేసింది. 1983లో వచ్చిన కొత్త ధర్మశాస్త్రంలో దంపతుల మేలు, సంతానం పక్కపక్కనే ఉన్నాయి. కృత్రిమ గర్భనిరోధం మీద నిషేధం మాత్రం 1968 నాటి పోపు లేఖతో అలాగే ఉండిపోయింది.

ఇదంతా పండితుల గొడవ అనిపించవచ్చు. పిల్లలు పుట్టని దంపతుల వైపు నుంచి చూస్తే కాదు. పెళ్ళయి నాలుగేళ్ళయినా కడుపు పండలేదంటే మన ఊళ్ళలో కోడలికి పట్టే గతి తెలిసిందే. మారు మనువు మాట ఎత్తేవాళ్ళు క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉంటారు. ఆ మాటకు చర్చి దగ్గర ఆధారం దొరకదు. సంతానమే ప్రధానమన్న కథోలిక ధర్మశాస్త్రం కూడా గొడ్డుతనం పెళ్ళికి అడ్డం కాదు, పెళ్ళిని రద్దు చేయదు అని విడిగా చెప్పింది. సంఖ్య కావాలంటే ఇప్పటి శాస్త్రంలో 1084వ సూత్రం. పిల్లల్లేని పెళ్ళి సగం పెళ్ళి కాదన్నమాట. బైబిల్లో లేకలేక బిడ్డలను కన్న శారా, హన్నా, ఎలీసబెతుల కథలు చెప్పి ప్రార్థన చేస్తే నీకూ పుడతాడని ఓదార్చే అలవాటు మనకు ఉంది. పుట్టకపోయినా మీ కాపురానికి లోటేమీ లేదని చెప్పే అలవాటు కూడా చేసుకోవాలి.

లోబడడం ఎవరి వంతు?

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. ఎఫెసీ పత్రికను పౌలే రాశాడా, ఆయన శిష్యుల్లో ఒకరు రాశారా అన్న వాదన పండితుల్లో ఉంది. సంఘం మాత్రం దాన్ని పౌలు మాటగానే చదువుకుంటూ వచ్చింది, మనమూ అలాగే చదువుదాం.

ఆ రోజుల్లో ఇంటిని ఎలా నడపాలన్న విషయం మీద గ్రీకు, రోమా లోకంలో ఒక అచ్చు ఉండేది. పౌలుకు మూడు వందల ఏళ్ళకు పైగా ముందే అరిస్టాటిల్ ఇంటిని మూడు జంటలుగా విడదీశాడు: భర్త-భార్య, తండ్రి-పిల్లలు, యజమాని-దాసుడు. మూడింట్లోనూ ఏలేవాడు ఒకడే, ఇంటి మగవాడు. ఎలా ఏలాలన్నదే ప్రశ్న. పౌలు కూడా సరిగ్గా ఆ మూడు జంటలనే తీసుకున్నాడు. 5వ అధ్యాయం చివర్లో మొదలై 6లోకి సాగుతుంది. అచ్చు పాతదే గానీ అందులో పోసింది కొత్తది. అరిస్టాటిల్ మాట్లాడింది ఏలేవాడి గురించి. పౌలు మాత్రం మొదట భార్యలను, పిల్లలను, దాసులను పేరుపెట్టి పిలిచి మాట్లాడాడు, వాళ్ళకూ సొంత బుద్ధీ మనస్సాక్షీ ఉన్నాయన్నట్టు. భార్య లోబడాలన్నది ఆనాటి ఎఫెసులో ఎవరికీ కొత్త వార్త కాదు. కొత్త వార్త భర్తకు చెప్పింది.

ఏం చెప్పాడు? క్రీస్తు సంఘాన్ని ప్రేమించి దాని కోసం తనను తాను ఎలా అప్పగించుకున్నాడో అలా నీ భార్యను ప్రేమించు అన్నాడు. అప్పగించుకోవడమంటే ఇక్కడ సిలువ. భార్యకు చెప్పింది మూడు వచనాల్లో అయిపోతుంది. భర్తకు చెప్పింది అంతకు రెట్టింపు పైనే నడుస్తుంది. నువ్వు ఏలు, అదుపులో పెట్టు, లోబరచుకో అన్న మాట భర్తకు ఎక్కడా లేదు. లోబడమని ఆమెకు రాసిన ఉత్తరం ముక్కను అతను తెరిచి చదివి, ఆమె మీద అమలు చేయబోవడమే మన ఇళ్ళలో జరుగుతున్నది.

ఇంకోటి. "స్త్రీలారా లోబడియుండుడి" అన్నదానికి పై వచనమే, "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అన్నది. కొన్ని అతిపురాతన గ్రీకు ప్రతుల్లో స్త్రీల వచనానికి సొంత క్రియ కూడా లేదు, పై వాక్యం క్రియనే అరువు తెచ్చుకుంటుంది. రెండూ ఒకే ఊపిరిలో చెప్పిన మాటలు. మన బైబిళ్ళలో చాలాచోట్ల వాటి మధ్య శీర్షికో, కొత్త పేరానో పడి విడిపోయాయి. పాస్టరుగారు ఆ శీర్షిక కింద నుంచి చదవడం మొదలుపెడితే ఒకరికొకరు అన్న మాట పెళ్ళిలో వినపడదు.

దీని మీద నేటి క్రైస్తవులు రెండు పక్షాలుగా ఉన్నారు. ఒక పక్షం అంటుంది: స్త్రీపురుషులు విలువలో సమానులు, పనుల్లో వేరు. భర్త శిరస్సు, చివరి బాధ్యత అతనిది, భార్య ఇష్టపూర్వకంగా ఆ నాయకత్వాన్ని ఒప్పుకోవాలి, ఇది సృష్టిలోనే ఉన్న క్రమం. 1987లో అమెరికాలో తయారైన డాన్వర్స్ ప్రకటన ఈ పక్షానికి ముఖ్యమైన పత్రం. 1998లో సదరన్ బాప్టిస్టులు (అక్కడి పెద్ద ప్రొటెస్టంట్ శాఖ) తమ విశ్వాస ప్రకటనలోనే దీన్ని చేర్చుకున్నారు. జీవితమంతా ఆ చర్చిలో ఉన్న మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2000లో దానికి దూరం జరగడానికి స్త్రీల విషయంలో వాళ్ళ ధోరణి ఒక కారణం. రెండో పక్షం వాదన వేరు: "అతడు నిన్ను ఏలును" అన్న మాట ఆదికాండం 3వ అధ్యాయంలో, పాపం తరవాత వస్తుంది. అది దేవుడు కోరుకున్న క్రమం కాదు, చెడిపోయిన లోకంలో జరగబోయే సంగతి. క్రీస్తులో పురుషుడని స్త్రీ అని లేదని గలతీ పత్రిక చెబుతోంది కాబట్టి దంపతులు పరస్పరం లోబడాలి, తుది మాట అనేది ఎవరికీ శాశ్వతంగా రాసి ఉండదు.

మొదటి పక్షానికి వాక్యం అక్షరాలా దగ్గరగా ఉందని ఒప్పుకోవాలి. తీతు పత్రిక 2లో యువతులు ఇంటిపనిని చూసుకుంటూ భర్తలకు లోబడాలని ఉంది, దాన్ని లేనట్టు నటించలేం. కానీ రెండో పక్షం చూపించే వాక్యాలనూ దాటిపోలేం. కొరింథీయుల మొదటి పత్రిక 7లో భార్యకు తన దేహం మీద అధికారం లేదు, అది భర్తది అని పౌలు రాశాడు. ఆనాటి మగవాడు అక్కడి దాకా చదివి తల ఊపి ఉంటాడు. ఆ వెంటనే, అలాగే భర్తకు తన దేహం మీద అధికారం లేదు, అది భార్యది అన్నాడు. పడకగదిలో ఇద్దరి అధికారమూ సమానమని, ఎడబాటు కూడా ఇద్దరి సమ్మతి మీదే ఉండాలని చెప్పిన మాట అది. భార్యాభర్తల విషయంలో పౌలు రాసినవాటన్నింట్లో సాహసమైనది ఇదేనని నాకనిపిస్తుంది. పెళ్ళి ప్రసంగాల్లో వినపడదు.

కథోలిక చర్చి ఈ విషయంలో ఎంత దూరం జరిగిందో రెండు పోపు లేఖలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1930లో 11వ పయస్ భర్త తల, భార్య హృదయం అన్నాడు. 1988లో రెండో జాన్ పాల్ ఎఫెసీ పత్రిక చెప్పిన లోబడడం ఒకవైపుది కాదు, ఇద్దరిదీ అని రాశాడు.

పనుల పంపకం సంగతికొస్తే, మగవాడు సంపాదించాలి, ఆడది వండాలి అన్న సూత్రం బైబిలులో వెతికితే దొరకదు. సామెతలు 31లోని గుణవతియైన భార్యను మన సంఘాల్లో స్త్రీల కూడికల్లో తెగ పొగుడుతారు. ఆమె ఏం చేసిందో తీరిగ్గా చదవండి. పొలం చూసి, బేరం నచ్చి కొంటుంది. సంపాదించిన డబ్బుతో ద్రాక్షతోట వేయిస్తుంది. నారబట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది. భర్త ఊరి గవిని (ప్రధాన ద్వారం) దగ్గర పెద్దల మధ్య కూర్చుని ఉంటాడు. ఈ లెక్కన ఇల్లు నడిచేది ఆమె వ్యాపారం మీద. అపొస్తలుల కార్యాలు 18లోని అకుల, ప్రిస్కిల్ల ఇద్దరూ డేరాలు కుట్టి బతికారు, ఇద్దరూ కలిసి అపొల్లో అనే పండితుడికి బోధ సరిదిద్దారు. కొత్త నిబంధనలో ఆ జంట పేరు వచ్చిన చాలా చోట్ల భార్య పేరే ముందు ఉంటుంది.

మార్టిన్ లూథర్ ఇల్లు ఇంకో ఉదాహరణ. 1522లో, తనకింకా పెళ్ళి కాకముందే, తండ్రి బిడ్డ మురికిగుడ్డలు ఉతుకుతుంటే లోకం ఆడంగి అని నవ్వుతుంది గానీ దేవుడూ దూతలూ సంతోషిస్తారని ఆయన రాశాడు. 1525లో కాథరీనా ఫోన్ బోరాను పెళ్ళి చేసుకున్నాడు. మఠం నుంచి తప్పించుకుని వచ్చిన కన్యస్త్రీ ఆమె. విటెన్‌బర్గ్‌లో ఖాళీ అయిన పాత మఠమే వాళ్ళ ఇల్లు. కాథరీనా అందులో విద్యార్థులకు గదులిచ్చి భోజనం పెట్టింది, బీరు కాచింది, పశువులను మేపింది, పొలం కొనిపించి సాగు చేయించింది. లూథర్‌కు డబ్బు లెక్క తెలియదు. ఉత్తరాల్లో ఆమెను సరదాగా "నా దొర" అని పిలిచేవాడు. 1542లో వీలునామా రాస్తూ ఆస్తి ఆమెకే చెందాలన్నాడు. స్త్రీ పేర సంరక్షకుడు ఉండాలన్న అప్పటి చట్టం ముందు అది నిలవలేదు. భర్త శిరస్సు అని నమ్మిన మనిషి ఇంటి కథ ఇది.

మన దగ్గర 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ. పురుషుడు స్త్రీకి శిరస్సు అని పెళ్ళిలో చదివే సంఘమే, ఒక స్త్రీ చేతుల మీదుగా పాస్టర్లకు అభిషేకం జరగడాన్ని ఒప్పుకుంది.

ప్రమాణం, పుస్తె, కట్నం

తెలుగు క్రైస్తవ పెళ్ళికి ముహూర్తం ఉండదు. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ప్రత్యేక అనుమతి లేకపోతే ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి, అంతే. పెళ్ళికి ముందు ఆదివారాల్లో ఆరాధన మధ్య ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. ఉంగరంతో పాటు చాలాచోట్ల సిలువ గుర్తున్న పుస్తె కూడా కడతారు. కలిమిలో లేమిలో, జబ్బులో ఆరోగ్యంలో విడిచిపెట్టనని ఇద్దరూ ఒకే మాట చెబుతారు. నన్ను సుఖపెట్టినంత కాలం అన్న షరతు అందులో లేదు. క్రాన్మర్ పాత పుస్తకంలో భార్య ప్రమాణంలో మాత్రమే "విధేయురాలినై" అన్న మాట అదనంగా ఉండేది, 20వ శతాబ్దంలో చాలా చర్చిలు దాన్ని తీసేయడమో, ఇష్టానికి వదిలేయడమో చేశాయి.

ఇంకో తేడా చాలామందికి తెలియదు. రోమను కథోలిక బోధలో పెళ్ళి చేసేది ఫాదర్ కాదు. వధూవరులే ఒకరికొకరు ఆ సంస్కారాన్ని ఇచ్చుకుంటారు, గురువు చర్చి తరఫు సాక్షి. అందుకే బలవంతపు సమ్మతితో జరిగిన పెళ్ళి ఎన్ని పూలదండలు వేసినా చెల్లదు. తూర్పు ఆర్థడాక్స్ చర్చిల్లో మాత్రం గురువు దీవెన ముఖ్యం, వధూవరుల తలల మీద కిరీటాలు పెడతారు.

ఈ ప్రమాణానికీ కట్నానికీ పొత్తు కుదరదు. క్రీస్తు వెల ఇచ్చి సంఘాన్ని సంపాదించుకున్నాడని చదివే బల్లకు నాలుగు గజాల దూరంలో, వెల పుచ్చుకుని వచ్చిన వరుడు నిలబడి ఉంటాడు. 1961 నుంచి కట్నం నేరం, అన్ని మతాలవాళ్ళకూ. పెళ్ళి ప్రకటన చదివే ముందు దాని గురించి గట్టిగా అడిగే సంఘం ఉంటే మెచ్చుకోవాలి.

తెగుతుందా?

యేసును ఇదే అడిగారు. ఏ కారణం చేతనైనా భార్యను విడనాడవచ్చా అని. ఆనాటి యూదు బోధకుల్లో హిల్లేల్ వర్గం చిన్న కారణానికైనా విడవవచ్చనేది, షమ్మయి వర్గం వ్యభిచారం వంటి దానికే అనేది. "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అని, మీ హృదయకాఠిన్యం చూసి మోషే ఒప్పుకున్నాడు తప్ప మొదట్నుంచీ ఇలా లేదని ఆయన జవాబిచ్చాడు. మగవాడు కాగితం ముక్క రాసి చేతిలో పెడితే రోడ్డున పడే ఆడవాళ్ళున్న కాలంలో అది ఎవరికి రక్షణో గమనించాలి. మత్తయిలో వ్యభిచార కారణాన్ని మినహాయింపుగా చెప్పాడు కాబట్టి ప్రొటెస్టంట్లు చాలామంది కొన్ని పరిస్థితుల్లో విడాకులు ఒప్పుకుంటారు. ఆర్థడాక్స్ చర్చి పశ్చాత్తాప ప్రార్థనలతో మళ్ళీ పెళ్ళికి అనుమతిస్తుంది. కథోలికులు విడాకులను ఒప్పుకోరు. అసలు మొదట్లోనే ఆ పెళ్ళి చెల్లలేదని చర్చి న్యాయస్థానం తేలిస్తే మాత్రం ఇద్దరూ స్వేచ్ఛాపరులు.

దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన అమ్మాయికి "దేవుడు పరిత్యాగాన్ని (భార్యను విడిచిపెట్టడాన్ని) అసహ్యించుకుంటాడు" అని మలాకీ 2:16 చెప్పి వెనక్కి పంపే పెద్దలున్నారు. ఆ వచనంలో రెండో సగం కూడా ఉంది. తన వస్త్రాలను బలాత్కారంతో నింపుకొనేవాడూ తనకు అసహ్యమే అంటాడు దేవుడు. ఆ సగం చదవరు. మొదటి పేతురు పత్రిక 3:7 ఇంకా సూటిగా, భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకే ఆటంకం కలుగుతుందని చెబుతుంది. విడాకులివ్వని కథోలిక ధర్మశాస్త్రం కూడా, శరీరానికో ఆత్మకో తీవ్ర ప్రమాదం తెచ్చిపెట్టే జీవిత భాగస్వామిని వదిలి వేరుగా ఉండడం న్యాయమేనని 1153వ సూత్రంలో రాసింది. గృహహింస నుంచి రక్షణ ఇచ్చే 2005 చట్టం ఎలాగూ ఉంది. విచారణ గురువునో (స్థానిక కథోలిక చర్చి ఫాదర్‌నో) పాస్టరుగారినో అడిగాకే పోలీసుల దగ్గరికి వెళ్ళాలన్న నియమం ఏ మతగ్రంథంలోనూ లేదు.

దేశ చట్టమూ ఈ విషయంలో చాలాకాలం మగవాడి వైపే మొగ్గింది. 1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో ఇంకోటి కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001లో సవరించేదాకా అలాగే నడిచింది. ఇప్పుడు ఇద్దరికీ ప్రధాన కారణాలు ఒకటే, పరస్పర సమ్మతితోనూ విడిపోవచ్చు. ఇక చర్చి న్యాయస్థానం ఇచ్చిన తీర్పుకు పౌర చట్టంలో విలువ లేదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. చర్చి కాగితం ఒక్కటి చేతిలో పెట్టుకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంటే చట్టం దృష్టిలో అది మొదటి భార్యో భర్తో ఉండగా చేసుకున్న పెళ్ళే అవుతుంది. కోర్టు డిక్రీ ఒక్కటే ఉంటే ఫాదర్ చర్చిలో పెళ్ళి చేయరు. కథోలికులకు రెండూ కావాలి, ఏది ముందు మొదలుపెట్టాలో వకీలునూ విచారణ గురువునూ ఇద్దర్నీ అడిగి తేల్చుకోవడం మంచిది.